ఏం కాలేదన్న వీడియో

“పట్టపగలు పంజాగుట్ట సెంటర్లకు టిప్పర్‌ను ఎవడు తోలిచ్చిండు? నంబర్ కనపడకుండ ప్లేటుకు మట్టి ఎవడు పూయిచ్చిండు? నిద్రలేని పిలగాన్ని ఎవడు స్టీరింగ్ ముందర కూసోబెట్టిండు? వాడు రావాలె. వాడొచ్చేదాక నేను లేవ.”

ఈ మాటలంటున్నప్పుడు కృపామణి ఫ్లైఓవర్ నీడల, నడిరోడ్డు మీద, కాళ్ళు చాపుకుని కూసుని ఉంది. హెల్మెట్ ఇంకా తలమీదనే ఉంది. వెనకనుంచి గుద్దిన ఇసుక టిప్పర్ పొగ కక్కుకుంట అక్కడనే నిలబడ్డది. స్కూటీ మాత్రం అప్పటికే మాయం. ఎవరో పుణ్యాత్ములు లేపి, పక్కకు తీసుకపోయి, స్టాండ్ వేసి మరీ నిలబెట్టిన్రు.

మన పట్నంల యాక్సిడెంటైతే జనానికి రెండే ఫికర్లు. ఒకటి, దారి క్లియర్ చెయ్యాలె. రెండోది, డ్రైవర్‌ను కొట్టాలె. పడ్డ మనిషి సంగతి ఆ రెండూ అయినంక. ఒకాయన ప్రేమతోని నీళ్ళ బాటిల్ తెచ్చి హెల్మెట్ మీదనే గుమ్మరించిండు. కారుల కూసున్న ఒక సారు అద్దం కొంచెం దించి, దెబ్బలేం తగలనప్పుడు లేవొచ్చు గదమ్మా, ఆఫీసు టైమైతుంది అన్నడు. కృపామణి ఆయనను చూసిన చూపుకు అద్దం మళ్ళ పైకి పోయింది.

ఆ ఎవడో రాడని అర్థమై ఆమెనే లేచింది. టిప్పర్ ముందుకు పోయి, చున్నీ కొస నీళ్ళల తడిపి, ప్లేటు మీద మట్టిని గిన్నె తోమినట్టు తోమింది. ఒక్కొక్క అంకె బయటికొచ్చింది. ఫోన్ తీసి ఫోటో కొట్టింది. తర్వాత జనం దిక్కు తిరిగి, నా స్కూటీని ఎక్కడ్నుంచి తీసిన్రో తెచ్చి మళ్ళ అక్కడనే పండబెట్టుర్రి అన్నది. వాళ్ళు తెల్లముఖం వేసిన్రు. నిలబెట్టిన స్కూటీని ఫోటో తీస్తే నేను పార్కింగ్ చేసి చాయ్ తాగనీకి పోయిన్నంటరు, తెస్తరా లేదా అన్నది. తెచ్చిన్రు. ఒక పిల్లవాడిని ఉయ్యాలల పండబెట్టినట్టు మెల్లగ పండబెట్టిన్రు. ఆమె అన్ని దిక్కుల నుంచి ఫోటోలు తీసింది. చూస్తూ నిలబడ్డ పండ్లబండి ఆయన ఫోన్ నంబర్ అడిగి రాసుకుంది.

ఈలోపల ఇద్దరు డ్రైవర్ కాలర్ పట్టుకున్నరు. బక్కపలచని పిలగాడు, కండ్లు చింతనిప్పుల్లెక్క ఉన్నయి. నిన్న పొద్దుమీకినప్పటి నుంచి బండి దిగలేదమ్మా అన్నడు. కృపామణి ఆ ఇద్దరి చేతులు విడిపించి, వీన్ని కొడితే ఓనర్‌కు నొప్పి లేస్తదా అని అడిగింది. ఇద్దరూ జనంల కలిసిపోయిన్రు.

ఇంతదాక ఆమె చేసిందంతా కరెక్టే. తప్పు ఆ తర్వాత చేసింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, దెబ్బలేమన్నా తగిలినయా అమ్మా, ఆసుపత్రికి పంపాల్నా అని అడిగితే, “ఏం కాలేదు సార్” అన్నది. ఒంట్లె వేడి ఉన్నంతసేపు దెబ్బ నోరు విప్పదని ఆమెకు తెల్వదు. ఆటో ఎక్కి ఇంటికి పోయింది. ఆసుపత్రికి పోలేదు. స్టేషన్‌కూ పోలేదు. ఆ రోజు శుక్రవారం, సోమవారం చూసుకుందాం తియ్యి అనుకుంది.

కృపామణికి మధురానగర్‌ల, ఆడపిల్లల హాస్టళ్ళ సందుల, ఒక బ్యూటీపార్లర్ ఉంది. పార్లర్ అంటే ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక పువ్వుల పరదా. అమీర్‌పేటల కోర్సులు నేర్చుకునే పిల్లలందరికీ ఇంటర్వ్యూకు ముందు కనుబొమ్మలు తీరుగ ఉండాలె. దారం కొస పంటి కింద పెట్టి, రెండు చేతుల వేళ్ళ మధ్య దారాన్ని మెలిపెట్టి ఆడిస్తుంటే ఒక్కొక్క వెంట్రుక ఊడి రావాలె. కుడిచెయ్యి జర తప్పితే కనుబొమ్మ పోతది, కనుబొమ్మతోపాటు గిరాకీ పోతది.

ఆ రోజు పొద్దుమీకేసరికి ఆ కుడి భుజం ఉబ్బింది. తెల్లారి తల దువ్వుకోవడానికి ఎడమచెయ్యి వాడాల్సొచ్చింది. భర్త జాన్‌బాబు బామ్ రాసి, చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, మళ్ళ బామ్ రాసిండు. ఆయన కోస్తా మనిషి, ఎర్రమంజిల్‌ల రోడ్ల శాఖ ఆఫీసుల అటెండర్. వారమంతా ఫైళ్ళు మోసే ఆ మనిషి ఆదివారం వస్తే మాత్రం చర్చికి కెమెరామన్, ఎడిటర్, డైరెక్టర్ అన్నీ తనే. ఆరాధన మొత్తం లైవ్‌ల పోతది. ఎవరన్నా ఏడిస్తే కెమెరాను దగ్గరికి జరపడంల ఆయనకు ఎదురు లేదు.

ఆ చర్చిల ఒక అలవాటుంది. పాటలయినంక, పాస్టర్ అయ్యగారు వాక్యం చెప్పేముందు, ఆ వారం ఆపద తప్పినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలె. ఆపద ఎంత పెద్దదైతే హల్లెలూయ అంత గట్టిగ వస్తది. అంతకుముందు ఆదివారం రత్నమాల అనే సిస్టర్ కుక్క కాటు నుంచి తప్పించుకున్న సంగతి చెప్తే, మర్యాదకు నాలుగు హల్లెలూయలొచ్చినయి. కృపామణికి దొరికింది టిప్పర్.

ఇంకో అలవాటు సుత ఉంది, తిరకాసంతా దాన్లనే ఉంది. నొప్పి ఉన్నా ఉంది అనొద్దు. పోయింది అనాలె. ముందు నోటితోని ఒప్పుకుంటే స్వస్థత వెనక నడుచుకుంట వస్తదని నమ్మకం. జ్వరంతోని వణుకుతున్న మనిషి సుత లేచి, నాకు జ్వరం లేదు, దేవునికి స్తోత్రం అంటడు. విన్నోళ్ళందరికీ జ్వరం ఉందని తెలుసు. ఇంటికిపోయి జావ కాసి పంపిస్తరు. లోపలివాళ్ళకు ఇదంతా తెలిసిన ముచ్చటే. ఎవరూ ఎవరినీ మోసం చేస్తలేరు. కానీ జాన్‌బాబు పెట్టిన కెమెరా ఇవతల, లోపలివాళ్ళు కానివాళ్ళు మస్తు మంది ఉంటరు.

కృపామణి ఎడమచేత్తో మైకు పట్టుకుంది. “టిప్పర్ నా మీదికొచ్చింది. ఒక్క ఎముక విరగలేదు. ఒక్క గీత పడలేదు. ఇయ్యాల నా ఒంట్లె ఏ నొప్పీ లేదు.” చర్చి కప్పు లేచిపోయింది. రత్నమాల సిస్టర్ కుక్కను ఆ దెబ్బతోని అందరూ మరిచిపోయిన్రు. ఆ సాయంత్రమే జాన్‌బాబు ఆ ముక్క వరకు కోసి, వెనక సంగీతం కలిపి, ముందర ఒక మెరుపు బొమ్మ పెట్టి, ‘టిప్పర్ గుద్దినా గీత పడలేదు’ అని పేరు పెట్టి, చర్చి గ్రూపుకు, అపార్ట్‌మెంట్ గ్రూపుకు, కాంట్రాక్టర్లు సుత ఉండే ఆఫీసు గ్రూపుకు పంపిండు. ఆయన జీవితంల అంతమంది చూసిన వీడియో అదే.

సోమవారం పొద్దున అనుపమ అనే పిల్ల వచ్చి కుర్చీల కూసుంది. ఎదురు హాస్టల్‌ల ఉంటది, ఆ పూటే ఇంటర్వ్యూ. కృపామణి పళ్ళు కొరుక్కుని ఎడమ కనుబొమ్మ పూర్తి చేసింది. కుడిదాని దగ్గరికొచ్చేసరికి భుజంల ఏదో పుటుక్కుమన్నట్టయింది. చెయ్యి దానంతటదే దిగిపోయింది, దారం ఒళ్ళో పడ్డది. మళ్ళ లేపుదామంటే లేవలే. అనుపమ అద్దంల చూసుకుంది. ఒక కనుబొమ్మ ఇంటర్వ్యూకు రెడీగ ఉంది, ఇంకొకటి ఇంటికాడనే ఉండిపోయినట్టుంది.

“ఆంటీ, నా కనుబొమ్మ సంగతి వదిలేయండి,” అన్నది. “మీరు చర్చిల ఏం చెప్పిన్రో మా హాస్టలంతా చూసింది. ఇప్పుడు ఆసుపత్రికి నడవండి.”

ఆ పిల్ల జుట్టు ముందరికి దువ్వుకుని ఆ కనుబొమ్మను దాచి, ఆంటీని ఆటోల ఎక్కించి, ఆసుపత్రిల కూసోబెట్టి, అక్కడినుంచి అటే ఇంటర్వ్యూకు పోయింది.

డాక్టర్ ఎక్స్‌రే, స్కానింగ్ తీయించి తిట్టిండు. భుజం లోపల కండరం చిరిగిందంట, ఎముకల సన్నటి పగులుందంట. గుద్దిన రోజే ఎందుకు రాలేదు అని అడిగిండు. నొప్పి ఉన్నా లేకున్నా, లారీ గుద్దితే అదే రోజు వచ్చి, ఇది యాక్సిడెంట్ కేసు అని రాయించుకోవాలె గదా అన్నడు. ఆపరేషన్ చేస్తే చెయ్యి వస్తది, చెయ్యకుంటే దారం సంగతి మరిచిపో అన్నడు. స్టేషన్‌ల కూడా అదే ప్రశ్న, ఇన్ని రోజులు ఏం చేస్తున్నవమ్మా అని. అయినా ప్లేటు ఫోటో ఉంది, పండబెట్టిన స్కూటీ ఉంది, పండ్లబండి ఆయన నంబర్ ఉంది. ఫిర్యాదు తీసుకున్నరు. టిప్పర్ ఒక కాంట్రాక్టర్‌దని తెలిసింది. కేసు గట్టిగ నిలబడితే ఆపరేషన్ భారం టిప్పర్ బీమా మీద పడుతది. లేకుంటే జాన్‌బాబు జీతం మీద పడుతది, అంటే ఆపరేషన్ కాదు. లెక్క ఇంతే.

బుధవారం పార్లర్ ముందు ఒక తెల్ల కారు ఆగింది. ఇస్త్రీ మడతల చొక్కా వేసుకున్న మనిషి ఆపిల్ పండ్ల సంచి పట్టుకుని దిగిండు. పేరు చక్రపాణి, టిప్పర్ కాంట్రాక్టర్ దగ్గర మేనేజర్. ఎదురుంగ బట్టలు ఇస్త్రీ చేసే సీతాబాయి పెట్టె పక్కన పెట్టి, చెవులు ఇటు పెట్టింది.

చక్రపాణి మాటలు మస్తు మెత్తగ ఉన్నయి. తప్పంతా డ్రైవర్‌దేనంట, వాణ్ని తీసేసిన్రంట. అమ్మకు ఏ లోటూ రానియ్యరంట, కాకపోతే కేసు ఎందుకు, కూసుని మాట్లాడుకుంటే అయిపోయేదానికి అన్నడు. కృపామణి మాట్లాడుకునేది ఏమున్నా స్టేషన్‌ల మాట్లాడుకుందాం అన్నది. ఆయన బాధపడ్డట్టు తల ఊపి, ఫోన్ తీసి ఆమె ముఖం ముందర పెట్టిండు. మెరుపు బొమ్మ వచ్చింది, సంగీతం వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. ఏ నొప్పీ లేదు అన్నది.

“అమ్మా, దేవుని మందిరంల చెప్పింది అబద్ధమా, స్టేషన్‌ల చెప్పింది అబద్ధమా? ఏదో ఒకటి చెప్పండి, మేం దానికే కట్టుబడి ఉంటం.”

కృపామణి ఎడమచేత్తో ఆ ఫోన్‌ను ముఖం ముందరనుంచి పక్కకు జరిపింది. అవతలనుంచి సీతాబాయే అన్నది.

“ఏం సారు, గా చెయ్యి లేస్తలేదని కండ్లకు కనపడుతలేదా? ఫోన్ల చూస్తేనే నమ్ముతవా?”

చక్రపాణి ఆమె దిక్కు చూడకుండనే, ఆపిల్ పండ్లు అక్కడనే పెట్టి పోయిండు. శుక్రవారం స్టేషన్‌కు వస్తం, వీడియోతోని సహా వస్తం అని చెప్పి పోయిండు. సీతాబాయి సంచి తీసి, రెండు పండ్లు మెత్తబడ్డయి చెల్లె, వీని పండ్లు సుత గింతే అన్నది.

సాయంత్రం జాన్‌బాబు ఆఫీసు నుంచి వస్తే కృపామణి మెరుపు బొమ్మతోని మొదలుపెట్టింది. నా నొప్పికి సంగీతం ఎవరు వెయ్యమన్నరు, ఆఫీసోళ్ళకు ఎందుకు పంపినవు, మేం దేవుని ముందర మాట్లాడుకున్న మాట ఆ చక్రపాణి ఫోన్లకు ఎట్ల పోయింది. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. కూసుని, ఫోన్ తీసి, వీడియో తీసేస్తాను మణీ, ఇప్పుడే తీసేస్తాను అని వేలు పెట్టబోయిండు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. తీసేస్తే దొంగతనం దాచినట్టయితది, వాళ్ళ దగ్గర ఎట్లాగూ ఉంది, నువ్వు కోసింది వద్దు, ఆ రోజు లైవ్ మొత్తం పెట్టు, నేను చూడాలె అన్నది.

ఇద్దరు ఫోన్ ముందర కూసుని మొదటినుంచి చూసిన్రు. ఆమె ముందు వరసల ఉంది. పెండ్లికి ముందు నుంచీ ఆ చర్చిల పాటలకు కంజీర వాయించేది ఆమెనే. ఆ రోజు కంజీర పక్క కుర్చీల ఊరికే కూసుని ఉంది, దానికి సుత సీటు పట్టినట్టు. అందరు చప్పట్లు కొడుతున్నరు, ఆమె ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తుంది. అయ్యగారు రెండు చేతులు ఎత్తి స్తుతించమన్నరు. నూరు జతల చేతులు లేచినయి. ఆమెకు ఒకటే లేచింది. తర్వాత, ఎవరన్నా చూస్తున్నరేమోనని అటూఇటూ చూసి, ఎడమచేత్తో కుడిచేతిని మణికట్టు కాడ పట్టుకుని పైకి లేపింది. భుజం దాక రాకముందే ముఖం మొత్తం వంకర పోయింది. కండ్ల నుంచి నీళ్ళు కారినయి. కెమెరా దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది.

జాన్‌బాబు ఫోన్ ఆపిండు.

“సంతోషంతో ఏడుస్తున్నావనుకున్నాను,” అన్నడు. “అందుకే జూమ్ చేశాను.”

 ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే, ఇంకో ఎనిమిది దిక్కుల నుంచి తీసినా నా నొప్పి ఇంత సాఫ్‌గా వచ్చేది కాదయ్యా అన్నది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వితే భుజం నొచ్చింది. నొస్తుంది అని గట్టిగ అన్నది, ఎప్పుడూ అననిదాన్ని రుచి చూస్తున్నట్టు. నొస్తుంది జానూ, మస్తు నొస్తుంది.

శుక్రవారం స్టేషన్‌ల చక్రపాణి ముందుగాలనే వచ్చి కూసున్నడు. ఎస్సై ముందర మెరుపు బొమ్మ వీడియో వేసి చూపిండు. ఎస్సై చూసి, ఇది మీరేనా అమ్మా అని అడిగిండు. నేనే సార్, ఆ మాట నేనే అన్న, అది నిజం కాదు అన్నది కృపామణి. చక్రపాణి కాలు మీద కాలు వేసుకున్నడు. నొప్పి ఉందంటే విశ్వాసం తక్కువైతదని అట్ల చెప్పిన సార్, ఇప్పుడు మొత్తం చూడండి అని జాన్‌బాబు దిక్కు సైగ చేసింది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి లైవ్ మొత్తం నడిపిచ్చిండు.

ఎస్సై కంజీరను చూసిండు. ఒక చెయ్యి లేచిన సంగతి చూసిండు. మణికట్టు కాడ పట్టుకుని లేపినప్పుడు వెనక్కి జరిపి ఇంకోసారి చూసిండు. డాక్టర్ కాగితం పక్కన పెట్టుకుని, ఇది సోమవారం నాటిది, ఈ వీడియో ఆదివారం నాటిది, ఆదివారమే చెయ్యి లేస్తలేదు అన్నడు. పూర్తి వీడియో కేసుల జతచెయ్యమని చెప్పిండు. చక్రపాణి కాలు కిందికి దించిండు. మరి నోటితోని చెప్పిందో అని అడిగిండు.

“నోటితోని అన్నదాన్ని మళ్ళ నోటితోనే సరిచేస్త,” అన్నది కృపామణి. “ఎక్కడన్ననో అక్కడనే.”

ఆదివారం చర్చి ఎప్పటికన్నా ఎక్కువ నిండింది. వెనక వరసల సీతాబాయి కొంగు నెత్తిన కప్పుకుని కూసుంది. ఆమెకు అది కొత్త, కానీ పక్కనోళ్ళ కన్నా ముందే చప్పట్లు కొడుతుంది. అనుపమ సుత వచ్చింది. ఇంటర్వ్యూ పోయిందంట. కనుబొమ్మ వల్ల కాదాంటీ, నాకు జవాబులే రాలేదు అని ముందే చెప్పింది.

పాటలయినంక కృపామణి కుడిచెయ్యి మెడకు కట్టుకుని ముందుకొచ్చింది. రత్నమాల సిస్టర్ హల్లెలూయ కోసం నోరు తెరిచి రెడీగ ఉంది. కృపామణి మైకు తీసుకుని, ముందు కెమెరా దిక్కు చూసింది.

“ఏమయ్యా, లైవ్ నడుస్తుందా?”

జాన్‌బాబు బొటనవేలు చూపిండు. ఈసారి దగ్గరికి జరపలేదు.

“చక్రపాణి సార్ చూస్తుండొచ్చు, చూడనియ్యి. పోయిన ఆదివారం ఇక్కడ నిలబడి నాకు నొప్పి లేదన్న. ఉండె. ఇప్పుడు సుత ఉంది. దేవుడు నన్ను బతికిచ్చిండు, అది నిజం, దానికి స్తోత్రం. కానీ నా భుజాన్ని టిప్పర్ విరగ్గొట్టింది, అది సుత నిజం. రెండూ ఒక్క నోటితోని చెప్పొచ్చని నాకు ఇన్నేండ్లు ఎవరూ చెప్పలే, నేనూ అడగలే.”

చర్చిల ఎవరో దగ్గిన్రు. హల్లెలూయ రాలేదు. సీతాబాయి ఒక్కతే చప్పట్లు కొట్టి, ఎవరూ కొడ్తలేరని చూసి, అయినా ఇంకో నాలుగు కొట్టింది.

“మీలో ఎవరినన్నా లారీ గుద్దితే ముందు ఏం కాలేదు అనకుర్రి. మీకు తెల్వదు, మీ ఒంటికి తెలుసు, అది చెప్పనీకి టైం తీసుకుంటది. బండిని జరపనియ్యకుర్రి, ఫోటో తియ్యుర్రి, ప్లేటుకు మట్టుంటే చున్నీతోని తుడువుర్రి. చూసినోళ్ళ నంబర్ అడుగుర్రి. ఆ రోజే ఆసుపత్రికి పోవాలె, అక్కడినుంచి స్టేషన్‌కు పోవాలె. ఆపిల్ పండ్లు తెచ్చినోళ్ళకు దండం పెట్టి పంపుర్రి, సంతకం మాత్రం పెట్టకుర్రి. ఇవన్నీ అయినంక ఇక్కడికి రండి, సాక్ష్యం చెప్పుర్రి, నేనే గట్టిగ హల్లెలూయ అంట.”

ఈసారి రత్నమాల ఆగలేకపోయింది. ఆమె వెనక అందరూ అందుకున్నరు. కృపామణి ఎడమచెయ్యి ఎత్తి వాళ్ళను ఆపింది.

“ఇంకా అయిపోలే. ఇది లైవ్‌ల వినే ఆఫీసరోళ్ళకు చెప్తున్న. పగటిపూట టిప్పర్లను సెంటర్లకు రానియ్యొద్దు, ఇయ్యాల్టి నుంచే. ప్లేట్లు కడగాలె, కడగని బండిని రోడ్డెక్కనియ్యొద్దు. ఆ డ్రైవర్ పిలగాన్ని పనిలోంచి తీసేసి చేతులు దులుపుకున్న ఓనర్ మీద కేసు పెట్టాలె, నిద్రపోనియ్యకుండ తోలిచ్చినందుకు. ఆ పిలగాన్ని మళ్ళ పనిల పెట్టుకోవాలె, కానీ కడుపునిండ నిద్రపోయినంకనే స్టీరింగ్ ఇయ్యాలె. రేపు ఆఫీసులు తెరిచేసరికి ఎర్రమంజిల్ రోడ్ల శాఖ గేటు ముందర మనమందరం ఉండాలె. చెయ్యి లేచేటోళ్ళు చేతులెత్తుర్రి, ఎంతమంది వస్తరో ఇప్పుడే చెప్పుర్రి.”